తప్పు కనిపించిన చోట పుట్టదు

(హనుమకొండలో వేసవి శిక్షణ శిబిరం సందర్భంగా కోచ్‌లు, పీఈటీలు, తల్లిదండ్రులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి చాప మీద కూర్చోండి, జాగా ఉన్నది.

పొద్దున ఆరింటికి ఏ గ్రౌండుకు పోయినా సరే, కరాటే గానీ జూడో గానీ బాక్సింగ్ గానీ, అన్నిటికంటే ఎక్కువ వినబడే మాట ఒకటుంటది. "మళ్లా చెయ్." కిక్కు కిందికి పోయింది, మళ్లా చెయ్. కటా, అంటే వరుస తప్పకుండ చేసే కదలికల కూర్పు, దాని నడుమ తడబడ్డడు, మళ్లా చెయ్. పాపం వాడు మళ్లా చేస్తడు. అదే తప్పు, ఈసారి ఇంకొంచెం జోరుగ. యాభైసార్లు చేస్తే ఆ తప్పుకు యాభైసార్లు సాధన అయినట్టే. ఇది తప్పు, ఇది ఒప్పు అని ఒంటికేం తెలుసు? ఏది ఎక్కువ చేయిస్తే దానికే అలవాటు పడతది.

ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. తప్పు కనిపించే చోటు వేరు, పుట్టే చోటు వేరు. రెంటికీ నడుమ ఒక అడుగో, ఒక సెకనో తేడా ఉంటది. మన ఓరుగల్లోళ్లకు చెరువుల సంగతి చెప్పాల్సిన పనిలేదు. కట్ట కింది మడిలో నీళ్లు ఊరుతున్నయంటే మడిలో మట్టి పోస్తమా? తూము దగ్గరికి పోయి చూస్తం. శిక్షణలో మాత్రం మడిలోనే మట్టి పోసుకుంట కూర్చుంటం.

మొదట పడటం గురించి మాట్లాడుకుందాం. జిగోరో కానో 1882లో టోక్యోలో కోడోకాన్ పెట్టి జూడోకు రూపం ఇచ్చిండు. ఆ జూడోలో కొత్తగ చేరినవానికి ముందు నేర్పేది విసరటం కాదు, పడటం. ఉకేమి అంటరు. మన కుస్తీ తాలీంలల్ల ఎర్రమట్టిని తవ్వి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తగ చేసేది కూడా ఇందుకే. పడకుండ నేర్చుకునే కుస్తీ లేదు.

వెనక్కి పడే ఉకేమి తీసుకోండి. కనిపించే తప్పు ఏంది? పిల్లగాడు వెనక్కి చెయ్యి చాపి నేలకు ఆనిస్తడు. ఇది చిన్న తప్పు కాదు. ఒంటి బరువంతా అరచేతి మీద పడి మణికట్టుకు, మోచేతికి, అక్కడి నుంచి భుజానికి ఎక్కుతది. మణికట్టు ఎముక విరిగినా, మోచెయ్యి జారినా ఎక్కువసార్లు ఇదే దారి. అందుకే సార్లు అరుస్తరు, "చెయ్యి పెట్టకురా" అని. వాడు పెట్టొద్దు పెట్టొద్దు అనుకుంటనే పెడతడు. ఎందుకంటే పెట్టాలని వాడు అనుకోలేదు కదా! తల వెనక్కి పోతున్నదని ఒంటికి తెలిసిన క్షణంలో చెయ్యి దానంతట అదే పోతది. మరి తల ఎందుకు వెనక్కి పోయింది? కండ్లు పైకప్పును చూసినయి. కండ్లు పైకి ఎందుకు పోయినయి? మోకాళ్లు వంచకుండ చెట్టు కూలినట్టు నిలువునా వాలిండు. అంటే చేతిలో కనిపించిన తప్పు మోకాళ్లలో పుట్టింది. చేతిని తిట్టి లాభం ఏంది?

దీన్ని సరిదిద్దే పద్ధతి నిదానంగ చెప్త, కోచ్‌లు రాసుకోండి. ముందు వెల్లకిల పడుకోబెట్టాలె. మోకాళ్లు మడిచి, పాదాలు మ్యాటు మీద, చేతులు ఛాతి మీద అడ్డంగ. ఒక దస్తీ మడతపెట్టి గడ్డానికి, ఛాతికి నడుమ ఇరికించాలె. చూపు బెల్టు ముడి మీద ఉండాలె. ఇప్పుడు రెండు చేతులు ఒక్కసారి మ్యాటును కొట్టాలె. అరచేయి కిందికి, వేళ్ల నుంచి మోచేతి దాకా మొత్తం ఒకేసారి తగలాలె. చెయ్యికీ ఒంటికీ నడుమ సందు 30 నుంచి 45 డిగ్రీలు. అంతకంటే పైకి, భుజానికి అడ్డంగ పోతే దెబ్బ భుజం కీలు మీద పడతది. బొత్తిగ ఒంటికి అంటుకుపోతే మోచెయ్యి పక్కటెముకల కిందికి పోతది. కొట్టేటప్పుడు ఊపిరి వదలాలె. బిగబట్టినోడికి వీపు తగలంగనే గాలి ఆగినట్టయితది, కండ్లల్ల నీళ్లు తిరుగుతయి, రేపు క్లాసుకు రానంటడు.

ఇట్ల ఇరవైసార్లు. దస్తీ జారిందా లేదా చూడాలె. మీరు తిట్టే పనే లేదు, దస్తీయే చెప్తది. పదిలో తొమ్మిదిసార్లు నిలిస్తే కూర్చున్న చోటి నుంచి వెనక్కి దొర్లాలె. అది కుదిరితే గొంతుకూర్చున్న చోటి నుంచి. ఇక్కడ పిరుదులు మడమలకు ఎంత దగ్గరగ ఆనితే అంత మంచిది. వీపు ఊయల తొట్టె లెక్క గుండ్రంగ ఉండాలె. ఆ తర్వాతే నిలబడి. చాలామంది నిలబడి పడటం నుంచే మొదలుపెడతరు, అదే అన్నిటికంటే కష్టమైన మెట్టు.

చప్పుడు ఎప్పుడు రావాలనేది కూడా చూడాలె. గూడలు మ్యాటుకు తాకే క్షణంలనే చెయ్యి తగలాలె. ముందే తగిలితే చెయ్యి మళ్లా ఊతకర్ర అయిపోతది, మనం తప్పించుకున్నదే తిరిగి వస్తది. ఆలస్యమైతే చప్పుడు మంచిగనే వస్తది, దాంతోని ఒరిగేదేం లేదు. కొందరు పిల్లలు పడ్డంక తీరిగ్గ చప్పట్లు కొడతరు చూడండి, అది ఉకేమి కాదు. (నవ్వులు)

మ్యాటు గురించి ఒక మాట. జూడోకు వాడే తతామి మ్యాటు మామూలుగ 4 సెంటీమీటర్ల మందం ఉంటది, గట్టిగ ఉంటది, కింద జారదు. మన దగ్గర ఎక్కువగ దొరికేవి ఒకదాంట్లో ఒకటి ఇరికించే రబ్బరు ముక్కలు, రెండు, రెండున్నర సెంటీమీటర్లవి. కటాకు, కిక్కులకు అవి చాలు. విసుర్లకు చాలవు. ముక్కల నడుమ సందు పడితే కాలివేలు ఇరుక్కుంటది. పొద్దున్నే మోకాళ్ల మీద పాక్కుంట సందులు నొక్కి చూసే డ్యూటీ రోజుకొక పిల్లగానికి ఇవ్వండి. వట్టి షాబాదు బండల మీద మాత్రం ఎవర్నీ విసరకండి. ఆ తప్పు కోచ్‌ది, పిల్లగానిది కాదు.

ఇగ కిక్కు సంగతి. కరాటేలో మవాషి గెరి, టైక్వాండోలో డొల్యో చాగి, పక్క నుంచి తిరిగి వచ్చే కిక్కు. కనిపించే తప్పులు మూడు నాలుగు రకాలు. కిక్కు నడుం కంటే పైకి లేవదు. లేచినా బలం ఉండదు. కొట్టినంక పడిపోతడు. టైక్వాండోలో అయితే పడితే గామ్‌జెమ్, అంటే పెనాల్టీ, ఎదుటివానికి ఊరికే ఒక పాయింటు. లేకపోతే నెల రోజులకు మోకాలు నొప్పి అంటడు. కోచ్ ఏమంటడు? "కాలు సాగట్లే, స్ట్రెచింగ్ చెయ్." తొడలు సాగక ఎత్తు రానోళ్లు ఉంటరు, కాదనను. కానీ లేచిన కాలును చూసినంత సేపు నిలబడ్డ కాలును ఎవ్వరూ చూడరు. తప్పు ఎక్కువగ అందులోనే ఉంటది.

కిక్కు తగిలే క్షణానికి నిలబడ్డ కాలి మడమ లక్ష్యం దిక్కు తిరిగి ఉండాలె. పాదం తిరిగితేనే తుంటి తిరుగుతది, తుంటి తిరిగితేనే కాలు లేస్తది. పాదం నేలకు అంటుకుపోయి పైన తుంటి తిరగబోతే నడుమ మోకాలు మెలిపడతది. మోకాలి నొప్పి చాలామందిలో ఇట్లనే మొదలైతది.

పాదం తిరిగిందో లేదో ఎట్ల తెలుసుకోవాలె? వీడియోల సరిగ కనబడదు. అద్దంల చూసుకుందామంటే అప్పుడు తల వంగుతది. ఇంట్ల ముగ్గుపిండి ఉంటది కదా, అది చాలు. చిటికెడు, అంతే. ఎక్కువ పోస్తే జారతరు. నేల మీద పాదం మొత్తం ఆనేచోట పలుచగ చల్లి, పిల్లగాన్ని దాని మీద నిలబెట్టి, ఒక చెయ్యి గోడకు ఆనించి, నిదానంగ ఒక్క కిక్కు వేయించాలె. మెల్లగ పక్కకు జరగమనాలె. ఇప్పుడు వంగి ఆ గుర్తు చదవండి.

విసనకర్ర విప్పినట్టు అర్ధచంద్రం పడిందంటే పాదం ముందు భాగం మీద మంచిగ తిరిగిండు. ముద్దగ, చెదరకుండ అచ్చు పడ్డట్టు ఉంటే పాదం కదలనే లేదు. మడమ ఉన్నచోట గీత గీసినట్టుండి, వేళ్లు గాల్లో తేలినట్టు ముందు పిండి చెదిరిపోయుంటే, మడమ మీద తిరిగిండన్నట్టు. వీడే వెనక్కి పడేవాడు. ఇవి కాకుండ పొడుగ్గ, ముందుకు గుంజినట్టు చార పడితే పాదం జారింది.

అర్ధచంద్రం పోను, మిగతా మూడు గుర్తులకు మూడు మూలాలు. అచ్చు ముద్దగ పడ్డవాని తప్పు కిక్కులో లేదు, కిక్కుకు ముందు నిలబడే తీరులో ఉన్నది. కాళ్లు మరీ ఎడంగ పెట్టి, బరువు రెండు పాదాల మీద సమానంగ వేసుకొని, పాదం నేరుగ ముందుకు పెట్టిండు. వీనికి కిక్కు నేర్పకండి. అడుగు వేసేటప్పుడే పాదాన్ని 45 డిగ్రీలు బయటికి తిప్పి పెట్టడం నేర్పండి. మిగతా తిరగడం తుంటే చేసుకుంటది. మడమ మీద తిరిగినవాడు ఎదుటి దెబ్బకు జంకి ముందే వెనక్కి వాలుతున్నడు. వానితోని మెత్తని ప్యాడు మీద, ఎదురుదెబ్బ లేకుండ కొట్టించాలె. జంకు పోతే బరువు ముందుకు వస్తది. చార పడ్డవాడు దూరం తప్పిండు. అందని చోటి నుంచి అందుకోబోతున్నడు. వానికి పాదంతోని పనేలేదు, ఒక అర అడుగు దగ్గరికి రావడం నేర్పాలె. ముగ్గురి కిక్కూ పైకి ఒక్కతీరుగనే కనబడతది. "కిందికి పోయింది" అంతే. ముగ్గురికీ "మళ్లా చెయ్" అంటే ముగ్గురికీ అన్యాయం చేసినట్టే.

కటా వేసే పిల్లలకు ఇట్లాంటిదే ఇంకొకటి చెప్త. షోటోకాన్ కరాటేలో మొదట నేర్చుకునే హెయాన్ షోదాన్ అనే కటాలో 21 కదలికలు. మొదలుపెట్టిన చోటనే ముగియాలె. నడుమ గీత మీద మూడు అడుగులు ముందుకు పోయి జొదాన్ బ్లాకులు, అంటే తల మీదికి వచ్చే దెబ్బను ఆపేవి, తర్వాత అదే గీత మీద మూడు అడుగులు పంచులతోని వెనక్కి. పిల్లలు అడుగున్నర ముందో, పక్కకో తేలుతరు. టెస్టు రోజు చివర్లో ఒక చిన్న అడుగు దొంగతనంగ జరుపుకుంటరు, జడ్జీలు చూడరనుకుంటరు. (నవ్వులు) చాక్‌పీసుతోని మొదట నిలబడ్డ పాదాల చుట్టూ గీయండి. ముందుకు తేలితే పోయేటప్పుడు అడుగులు పెద్దవి, వచ్చేటప్పుడు చిన్నవి అయినయి. కటాలో గట్టిగ అరిచే చోటికి పోయేసరికి ఉత్సాహంల మూడో అడుగు సాగుతది, అక్కడ చూడండి. పక్కకు తేలితే, 270 డిగ్రీల మలుపులు ఉన్నయి కదా, వాటిలో నిలబడ్డ పాదం జారింది. మూడో బ్లాకు తర్వాత ఒక మలుపు, మూడో పంచు తర్వాత ఒకటి. మొత్తం కటా మళ్లా చేయించకుండ ఆ మలుపు ఒక్కదాన్నే పదిసార్లు చేయించండి.

బాక్సింగ్ వాళ్లు అలిగేటట్టున్నరు. జాబ్, అంటే ముందు చేతి సూటి దెబ్బ, కొట్టి చెయ్యి వెనక్కి తెచ్చేటప్పుడు నడుం దాకా జార్చి తెస్తరు, ఎదుటివాని కుడిచెయ్యి మొకం మీద పడతది. "గార్డు పైకి" అని మూల నుంచి కేకలు. గార్డు పైకే ఉన్నది, తిరిగి వచ్చే దారే కిందికి ఉన్నది. ప్యాడు పట్టినవాడు ప్రతి జాబ్ తర్వాత రెండో ప్యాడుతోని చెంప మీద మెల్లగ తట్టాలె. రెండు రౌండ్లల్ల చెయ్యే దారి మార్చుకుంటది, చెప్పే పని లేదు.

జూడోలో సెయోయి నాగే, అంటే వీపు మీదికి ఎత్తుకొని విసిరే పట్టు, వేసినప్పుడు ఎదుటివాడు వీపు మీద వడ్ల బస్తా లెక్క ఇరుక్కుపోతడు, కదలడు. బలం చాలలేదంటరు. బలం కాదు. గుంజే చెయ్యి కిందికి గుంజింది. ఆ చెయ్యి మణికట్టు గడియారంల టైం చూసుకున్నట్టు పైకి, పక్కకు రావాలె. అప్పుడు ఎదుటివాని బరువు వేళ్ల మీదికి వస్తది. తర్వాత మన నడుం వాని బెల్టు కంటే కిందికి దిగాలె. మొదటిది లేకుండ రెండోది చేస్తే నడుం నొప్పే మిగులుతది.

ఇప్పటిదాకా ఒక్కొక్క కదలిక సంగతి. ఎట్ల సాధన చేయించాలన్నది ఇంకొక సంగతి, ఇక్కడ మన అలవాట్లకు అడ్డంగ పోయే మాట చెప్తున్న. సోవియట్ రష్యాలో నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ అనే శాస్త్రవేత్త 1920లలో ఉలి మీద సుత్తె కొట్టే పనివాళ్ల కదలికలను ఫోటోలు తీసి కొలిచిండు. పని మంచిగ తెలిసినవాని సుత్తె కొస ప్రతిసారి దాదాపు ఒకే దారిలో పోయింది. కానీ భుజం, మోచెయ్యి, మణికట్టు మాత్రం ప్రతిసారి కొద్దికొద్దిగ వేరేతీరు కదిలినయి. మన కమ్మరి కొలిమి కాడ నిలబడి చూస్తే మీకూ అనుమానం వస్తది. అంటే నేర్పరి ఒకే కదలికను అచ్చు గుద్దడు. గురి ఒక్కటే, దారి ఎప్పటికప్పుడు సర్దుకుంటడు. మనమేమో వరుసలో నిలబెట్టి అందరినీ ఒక్కతీరు కదలమంటం.

ఇంకొకటి, 1979లో జాన్ షే, రాబిన్ మోర్గాన్ అనే ఇద్దరు చేసిన పరీక్ష. చిన్న చెక్క అడ్డుపలకలను చెప్పిన వరుసలో చేత్తో టకటకా పడగొట్టాలె, అట్లాంటివి మూడు వరుసలు. కొందరు మొదటి వరుస పూర్తిగ అయినంకనే రెండోది చేసిండ్రు. ఇంకొందరు మూడూ కలిపి, ఏది ఎప్పుడొస్తదో తెలియకుండ చేసిండ్రు. సాధన చేసేటప్పుడు మొదటివాళ్లే మెరుగు. పది రోజులు ఆగి మళ్లా పరీక్షిస్తే కలిపి చేసినోళ్లే మెరుగు. దీన్ని మన మ్యాటు మీదికి తెచ్చుకుంటే, వంద మవాషిలు వరుసబెట్టి కొట్టిస్తే కోచ్‌కు తృప్తిగ ఉంటది, తల్లిదండ్రులకు చూడ ముచ్చటగ ఉంటది. ముప్పై మవాషిలు, ముప్పై ముందు కిక్కులు, ముప్పై పంచులు కలగలిపి, ప్యాడు పట్టినవాడు ఎటు చూపిస్తే అటు కొట్టిస్తే తప్పులు ఎక్కువ వస్తయి, క్లాసు గజిబిజిగ కనబడతది. రెండోదే మంచి క్లాసు. మొదటి వారం రోజులు, కదలిక అసలే రానివానికి మాత్రం వరుసబెట్టి చేయించడమే నయం. బొత్తిగ రాని రెండు పనులను కలిపితే గందరగోళమే.

కోచ్‌లకు ఇంకొక విన్నపం. ప్రతి దెబ్బకూ దిద్దకండి. మీరు చెప్తరని తెలిస్తే పిల్లగాడు తన కాలు తను వినడం మానేస్తడు. మీరు లేని రోజు, అంటే పోటీ రోజు, వానికి ఏమీ వినబడదు. నాలుగైదు కొట్టనియ్యండి. తర్వాత ముందు వాన్నే అడగండి, "ఎక్కడ తేడా కొట్టింది?" అని. వాడు చెప్పినంకనే మీరు ఒక్క సంగతి చెప్పండి. ఒక్కటే. చెయ్యి, మోకాలు, చూపు, శ్వాస నాలుగూ ఒకేసారి చెప్తే వాడు తల ఊపుతడు, అంతే.

ఎప్పుడు ఆపాలో కూడా తెలిసుండాలె. మే నెలల వరంగల్ ఎండ 43, 44 డిగ్రీలు దాటుతది. ఐదున్నరకు మొదలుపెట్టినా ఏడు దాటితే రేకుల షెడ్డు కింద నిలబడలేం. అలసిన ఒళ్లు చేసే తప్పు, నేర్చుకోని ఒళ్లు చేసే తప్పు ఒక్కటి కాదు. మొదటి ఇరవై నిమిషాల్ల రాని తప్పు గంట తర్వాత వస్తే అది నీళ్ల తప్పు, నిద్ర తప్పు. దాన్ని దిద్దబోతే కొత్త తప్పు అలవాటైతది. ఒకే కారణంతోని వరుసగ మూడుసార్లు తప్పితే ఆ పని అక్కడ ఆపి, నీళ్లు తాగించి, ఇంకో పనికి మార్చండి.

స్పారింగ్‌కు, అంటే సాధన కోసం ఎదురెదురుగ ఆడే ఆటకు వద్దాం. నా లెక్కల స్పారింగ్‌ల గెలుపు ఓటములు లెక్కపెట్టే క్లబ్బుల పిల్లలు ఎదగరు. ఎందుకంటే ఓడొద్దనుకున్నవాడు వచ్చిన రెండు టెక్నిక్‌లే వాడతడు. కొత్తది వేసి దెబ్బ తినడానికి ఒప్పుకోడు. రెండు నిమిషాల రౌండు, సగం వేగం, ఒక్క పని. ఒకడు జాబ్ మాత్రమే వెయ్యాలె, ఇంకొకడు కాళ్లతోని మాత్రమే తప్పించుకోవాలె. రోజూ గెలిచే గట్టి పిల్లగాడు ఉంటడు చూడండి, వాన్ని గీత అంచున, వీపు బయటికి పెట్టి మొదలుపెట్టించండి. వానికి ఓడిపోయే అవకాశం మీరే కల్పించాలె.

కానీ అన్ని తప్పులూ పాఠాలు కావు. తల దెబ్బ పాఠం కాదు. స్పృహ తప్పకపోయినా మెదడు అదిరి ఉండొచ్చు. తలనొప్పి, వాంతి, తూలడం, చూపు మసకబారడం, అడిగిందే అడగడం, ఏ రౌండో చెప్పలేకపోవడం, వీటిల్ల ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట బంద్. కొన్ని గంటల తర్వాత కూడా లక్షణాలు బయటపడొచ్చు కాబట్టి ఒంటరిగ ఇంటికి పంపకండి, డాక్టరుకు చూపించండి. నొప్పి పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, మత్తుగ ఉన్నా ఆలస్యం చెయ్యకుండ ఆసుపత్రికే. మళ్లా మొదలుపెట్టేది మెట్టుమెట్టుగ. నడక, తర్వాత ఒంటరి కదలికలు, తర్వాత ప్యాడు. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. తలనొప్పి తిరిగొస్తే ఒక మెట్టు కిందికి. డాక్టరు సరే అన్నంకనే ఎదురెదురు ఆట. "లే, మగాడివి కాదా" అనే మాట క్లాసుల వినబడితే తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొని ఇంటికి పోండి.

పోటీలో ఓడిన తర్వాత ఏం చెయ్యాలె? వీడియో అదే రోజు చూడకండి, ఆ రోజు కండ్లు సాకులే వెతుకుతయి. మర్నాడు, చప్పుడు లేకుండ చూడండి. పాయింటు పోయిన చోట ఆపి, మూడు సెకన్లు వెనక్కి పోండి. పాయింటు పోయిన క్షణంల అందరికీ తెలిసిందే ఉంటది, తగిలింది. మూడు సెకన్ల ముందు మూడు సంగతులు కనిపిస్తయి. గీతకు ఎంత దగ్గర ఉన్నం, ముందు అడుగు ఎవరు వేసిండ్రు, మన చేతులు ఎక్కడున్నయి. ఒక నోటుబుక్కుల గీతలు గీసి ఈ మూడే రాయండి. ఐదారు బౌట్లు రాసేసరికి ఒక్కటే సంగతి మళ్లా మళ్లా వస్తది. "గీత దగ్గర ఉన్నప్పుడు నేను ముందు అడుగు వేస్తున్న" అనో, "కుడిపక్కకే జరుగుతున్న" అనో. వచ్చే నెల సాధన దాని మీదనే.

మన నిజామాబాద్ బిడ్డ, బాక్సర్ నిఖత్ జరీన్ పేరు చెప్పకుండ ఇక్కడ ఎవ్వరూ ప్రసంగం ముగించరు, నేనూ ముగించను. 2011లో జూనియర్ ప్రపంచ విజేత. 2017ల భుజం గాయం. 2019 డిసెంబరుల ఢిల్లీ ట్రయల్స్‌ల, అంటే ఎంపిక పోటీల, మేరీ కోమ్ చేతుల 9-1తో ఓటమి. 2022 మే నెలల ఇస్తాంబుల్‌ల ప్రపంచ విజేత, 2023ల ఢిల్లీల మళ్లా విజేత. 2024 పారిస్ ఒలింపిక్స్‌ల చైనా బాక్సర్ వూ యూ చేతుల ఓటమి, ఆ వూ యూనే చివరికి బంగారు పతకం గెలిచింది. ఈ తేదీలు చెప్పి "చూసిండ్రా, పట్టుదల" అని చప్పట్లు కొట్టించడం తేలిక. ట్రయల్స్ ఓటమికీ ఇస్తాంబుల్‌కూ నడుమ రెండేండ్ల ఐదు నెలలు ఉన్నయి. ఆ నెలల్ల పొద్దున, సాయంత్రం జిమ్ముల ఏమేం మార్చుకున్నరన్నదే అసలు పాఠం. పట్టుదలతోని తప్పునే పట్టుకొని వేలాడేవాళ్లు కూడా ఉంటరు.

బెల్టు టెస్టు గురించి కోచ్‌లకు కోపం వచ్చినా చెప్పాలె. ఫీజు కట్టిన ప్రతివాన్నీ పాస్ చేస్తే ఆ బెల్టు బట్ట ముక్కే. ఫెయిల్ చెయ్యండి. కానీ "ఇంకా ప్రాక్టీస్ కావాలి" అని రాసి పంపకండి, అది ఏమీ చెప్పనట్టే. "రెండో 270 మలుపుల కుడి పాదం జారుతున్నది, మూడు వారాలు ఇది చూడండి, తర్వాత ఇది ఒక్కటే మళ్లా పరీక్షిస్తం, ఫీజు లేదు" అని రాయండి. పిల్లగాడు ఏడుస్తడు, కానీ ఏం చెయ్యాలో తెలిసి ఏడుస్తడు.

ఇగ మీరు అడగండి.

(ఒక తల్లి: మా పాప ఓడిపోతే రెండు రోజులు అన్నం తినదు మేడం. ఏం చెయ్యాలె?)

అమ్మా, ముందు ఒక మాట అడుగుత. ఓడిన రోజు బండి మీద ఇంటికి పోయేటప్పుడు ఏం మాట్లాడుకుంటరు? ఆ బండి మీద ఆట ముచ్చట తియ్యకండి. ఇడ్లీ తినిపియ్యండి, ఇంటికి తీసుకపోండి. చుట్టాల వాట్సాప్ గ్రూపుల ముందే "మా పాప రేపు ఫైనల్" అని పెట్టకండి, సగం ఏడుపు వాళ్లకు ఏం చెప్పాలనే. మర్నాడు నోటుబుక్కు తీసి, పాయింటు ఎక్కడ పోయిందో మీకు చూపించమనండి. మీకు ఆట తెలియకపోవడమే మంచిది. తెలియనివాళ్లకు విడమరిచి చెప్పేటప్పుడే దానికి తెలుస్తది. రెండు రోజుల కంటే ఎక్కువ తిండి, నిద్ర లేకపోతే మాత్రం ఆట పక్కనపెట్టి డాక్టరుతోని మాట్లాడండి.

(ఒక పీఈటీ: మా స్కూల్ల మ్యాట్లు లేవు. వరండాల అన్నీ బండలే. పడటం ఎట్ల నేర్పాలె?)

లాంగ్‌జంప్ ఇసుక గుంత ఉన్నదా? ఉంటే పారతోని తవ్వి గుల్ల చెయ్యండి. చేతులతోని కలియబెట్టి రాళ్లు, సీసపెంకులు, మూతలు ఏరెయ్యండి. మీద ఒక పాత జంబుఖానా గట్టిగ పరిచి, అంచులకు ఇసుక కప్పండి. పడుకొని, కూర్చొని, గొంతుకూర్చొని పడటం దాకా అక్కడ చేయించొచ్చు. ఒకసారికి ఒక్కరే. విసుర్లు మాత్రం మ్యాట్లు వచ్చేదాకా వద్దు. వాన పడ్డ మర్నాడు ఆ ఇసుక బండ లెక్క గట్టిపడతది, మళ్లా తవ్వకుండ ఎవర్నీ దింపకండి.

(ఒక విద్యార్థి: ముగ్గు గుర్తు చూపిస్తరా మేడం?)

చూపిస్త. ఇద్దరు రండి, ఒకరు కరాటే, ఒకరు టైక్వాండో. బూట్లు, సాక్సులు విడువండి, పాదాలు దస్తీతోని తుడుచుకోండి, చెమట ఉంటే పిండి ముద్ద కడతది. ఆ మూలకున్న డబ్బా ఇటియ్యండి. నువ్వు గోడ దిక్కు నిలబడు, ఎడమచెయ్యి గోడకు. ఎడమ కాలి కింద చల్లుతున్న. ఇప్పుడే కొట్టకు. మిగతావాళ్లు దగ్గరికొచ్చి కింద కూర్చోండి, కాలును కాదు, నేలను చూడండి. ఆ, ఇగ నిదానంగ కానియ్యి.